పన్ను వేయడం వేరు, వసూలు చేయడం వేరు

గత విద్యాసంవత్సరంలో ఒకనాడు రెండవ సంవత్సరం విద్యార్థులకు ప్రభుత్వ ఆదాయ మార్గాలను గురించి పాఠం చెబుతూ మేము ఒక ప్రశ్న అడిగినాము: "మీ ఇండ్లలో పన్ను కట్టేవారు ఎందరు?" అరవై మంది ఉన్న తరగతిలో నాలుగు చేతులు లేచినవి. ఇద్దరి తండ్రులు ప్రభుత్వోద్యోగులు. ఒకరి మేనమామకు మందుల దుకాణం ఉన్నది. నాలుగవవాడు పక్కవాడు ఎత్తినాడు గనుక తానూ ఎత్తినాడు. మిగిలినవారు తమకు ఆ గొడవే లేదన్న ధీమాతో కూర్చున్నారు.

మరునాడు ప్రతివారూ ఇంట్లో దొరికిన రసీదు ఏదైనా ఒకటి తీసుకొని రావలెనని చెప్పినాము. సబ్బుల బిల్లు, మందుల బిల్లు, కుట్టుమిషను మరమ్మతు బిల్లు, పెట్రోలు బంకు చీటీ, ఫోను రీచార్జి వివరం, ఇట్లా బల్ల మీద ఒక కుప్ప చేరినది. ఒక్కొక్కటే చదివించినాము. ఫోను రీచార్జిపై పన్ను 18 శాతం. 300 రూపాయలు పెట్టి రీచార్జి చేయించుకొన్న కుర్రవాడు అందులో దాదాపు 46 రూపాయలు పన్నుగా కట్టినాడని తేలినప్పుడు తరగతి ఘొల్లుమన్నది. పెట్రోలు చీటీ మీద పన్ను అని వేరుగా రాసి ఉండదు. కాని కేంద్రం వారి ఎక్సైజు సుంకం, రాష్ట్రం వారి వ్యాట్ రెండూ ఆ ధరలోనే కలిసి ఉన్నవి. గంట మోగేసరికి అరవై మందీ పన్ను కట్టేవారేనని రుజువైనది.

పాఠం అంతటితో ముగిసిందనుకొన్నాము. కాని వెనుక బెంచీ నుండి ఒక విద్యార్థి లేచి, "అయితే సార్, మనం కట్టినట్లు ఎక్కడ రాసి ఉంటుంది?" అని అడిగినాడు.

ఎక్కడా రాసి ఉండదు. ఆ సొమ్ము దుకాణదారు పేరిట జమ అవుతుంది. అతడు జమ చేయకపోతే అతని గల్లాపెట్టెలోనే ఉండిపోతుంది. ఇచ్చినవాడి పేరు ఏ దస్తరంలోనూ లేదు. మా సమాధానం ఇంతే. కాని ఆ ప్రశ్న ఆ రోజుతో మమ్ములను వదలలేదు. వర్ధమాన దేశాల పన్నులను గురించి గత అరవై డెబ్బై ఏండ్లుగా ఆర్థికవేత్తలు చేసిన పరిశోధనలో ముఖ్యమైన భాగమంతా నిజానికి ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నదని మా అభిప్రాయం. పన్ను ఎంత వేయవలెనన్నది చట్టసభల్లో తేలే విషయం. ఎవరి వద్ద ఎంత ఉన్నదో ప్రభుత్వానికి తెలుసునా, తెలిసినా వసూలు చేయగలదా, వసూలు చేసేవాడు ఎవరి మనిషి అన్నవి వేరే ప్రశ్నలు. మన వంటి దేశాల భవిష్యత్తు ఈ రెండవ రకం ప్రశ్నల మీదనే ఎక్కువగా ఆధారపడి ఉన్నది.

జమ, ఖర్చు, వసూలు, బకాయి, రసీదు, ఖజానా, జమాబందీ వంటి మాటలు తెలుగులోకి సర్కారు కచేరీల ద్వారా వచ్చినవే. ఈ సంచికను కుడివైపు నుండి తెరిచి చదివేవారికీ, ఎడమవైపు నుండి తెరిచి చదివేవారికీ ఈ మాటలు ఉమ్మడి ఆస్తి. పన్నును గురించి మాట్లాడడానికి మనకు కావలసిన పదసంపద ఉన్నది. లేనిదల్లా మాట్లాడే అలవాటు.

1956 ఆరంభంలో కేంబ్రిడ్జి ఆర్థికవేత్త నికొలస్ కాల్డార్ భారత ప్రభుత్వ ఆహ్వానంపై మన దేశానికి వచ్చి, మన పన్నుల విధానాన్ని పరిశీలించి ఒక నివేదిక సమర్పించినారు. రెండవ పంచవర్ష ప్రణాళిక మొదలవుతున్న కాలమది. ఉక్కు కర్మాగారాలకూ ఆనకట్టలకూ ధనం కావలసి ఉన్నది. కాల్డార్ చేసిన సూచన సారాంశమేమనగా, ఒక్క ఆదాయపు పన్నును నమ్ముకొని ప్రయోజనం లేదు; దానితో పాటు సంపద మీద, వ్యయం మీద, దానాల మీద, ఆస్తులు అమ్మగా వచ్చిన లాభం మీద కూడా పన్నులు ఉండవలెను. ఆదాయం దాచినవాడు దానిని ఖర్చు చేయవలెను, లేదా కూడబెట్టవలెను, లేదా ఎవరికైనా ఇవ్వవలెను. ఒక లెక్కలో తప్పించుకొన్నది మరొక లెక్కలో బయటపడుతుంది. అయితే ఇవన్నీ ఉన్నప్పుడు ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు 45 శాతానికి మించరాదని కూడా ఆయన స్పష్టంగా చెప్పినారు.

వైద్యుడు మందుతో పాటు పథ్యం కూడా చెప్పినాడు. రోగి మందు మాత్రం తీసుకొని పథ్యం వదిలివేసినాడు. టి.టి. కృష్ణమాచారి గారు ఆర్థికమంత్రిగా ఉండగా 1957లో సంపద పన్ను, వ్యయపు పన్ను చట్టాలు వచ్చినవి. 1958లో దానాల మీద పన్ను వచ్చినది. ఆదాయపు పన్ను రేటు మాత్రం కాల్డార్ కోరినట్లు తగ్గలేదు. పైపెచ్చు తరువాతి కాలంలో ఎక్కుతూ పోయి, 1973-74 నాటికి రెండు లక్షల రూపాయలకు పైబడిన ఆదాయం మీద సర్‌ఛార్జితో కలిపి 97.75 శాతానికి చేరినది. అనగా ఆ పరిధిలో సంపాదించిన ప్రతి 100 రూపాయల్లో సంపాదించినవానికి మిగిలేది 2 రూపాయల 25 పైసలు. అంత నిజాయితీ గల కోటీశ్వరులు మన దేశంలో ఎందరుంటారో పాఠకులే ఊహించుకోవచ్చును. వ్యయపు పన్నును 1962లో రద్దు చేసినారు, 1964లో మళ్లీ తెచ్చినారు, 1966లో మళ్లీ తీసివేసినారు. దానాల పన్ను 1998లోను, సంపద పన్ను 2015 బడ్జెటుతోను కనుమరుగైనవి. ఒకదానినొకటి పట్టి ఇచ్చే వల అని కాల్డార్ తలచినది ఈ విధంగా ముడి తరువాత ముడి ఊడిపోయినది.

1963లో ఆయనే ఫారిన్ అఫైర్స్ అనే అమెరికన్ పత్రికలో ఒక వ్యాసం రాసినారు. వెనుకబడిన దేశాలు పన్ను వేయడం నేర్చుకొంటాయా అన్నది ఆ వ్యాసం శీర్షిక, ప్రశ్న రెండూను. వాటికి ధనం లేక కాదు, ధనం ఉన్నవారి మీద పన్ను వేసే రాజకీయ సంకల్పం లేక ఆ దేశాలు వెనుకబడి ఉన్నవని ఆయన తాత్పర్యం. పెద్ద భూస్వాములు, విలాసంగా జీవించే వర్గాలు, వారి చేతిలో ఉన్న శాసనసభలు ఆయన దృష్టిలో ముఖ్యమైన అడ్డంకులు. మన దేశం విషయంలో ఈ మాటలోని సత్యాన్ని కాదనలేము. 1972లో కె.ఎన్. రాజ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం వ్యవసాయ కమతాలపై పన్ను వేసే పద్ధతి ఒకటి సూచించగా రాష్ట్రాలు దానిని అటకెక్కించినవి. రెండెకరాల రైతును బాధించవలెనని మేము అనడం లేదు. ఆ సంఘమూ అనలేదు. నగరంలో సంపాదించిన సొమ్మును తోటల మీద వచ్చిన ఆదాయంగా చూపించుకొనే పెద్దమనుష్యులకు రైతు పేరు గొడుగుగా ఉపయోగపడుతున్నదన్నదే మా బాధ.

అయినప్పటికీ కాల్డార్ చెప్పినది సగం సత్యమేనని మాకు తోచుచున్నది. సంకల్పం ఉన్నంత మాత్రాన పన్ను రాదు. ఆయన సలహా మీద తయారైన 1962 నాటి బ్రిటిష్ గయానా బడ్జెటుకు వ్యతిరేకంగా రాజధాని జార్జిటౌన్‌లో అల్లర్లు చెలరేగి నగరంలో కొంత భాగం తగులబడినది. చట్టం రాసిన కలానికీ ఇంటి గుమ్మం ముందు నిలబడే వసూలుదారుకూ మధ్య ఎంత దూరం ఉన్నదో ఆ మేధావికి అప్పటికి పూర్తిగా బోధపడినట్లు లేదు.

ఆ దూరాన్ని అంతకు దాదాపు ఆరువందల ఏండ్ల క్రితమే గుర్తించినవాడు ఇబ్న్ ఖల్దూన్. ఉత్తర ఆఫ్రికాలో పలు దర్బారుల్లో కొలువు చేసి, రాజ్యాలు లేచి పడిపోవడం కళ్లారా చూసిన ఆ చరిత్రకారుడు 1377లో రచించిన ముఖద్దిమాలో ఒక సూక్ష్మం చెప్పినాడు. రాజవంశం కొత్తగా వచ్చినప్పుడు పన్నుల భారం స్వల్పం, రాబడి అధికం. అది ముసలిదైనప్పుడు భారం అధికం, రాబడి స్వల్పం. ఆడంబరాలూ సైన్యం ఖర్చులూ పెరుగగా పన్ను పెంచుతారు. పెరిగిన పన్నుకు జడిసి జనం సాగూ వర్తకమూ తగ్గించుకొంటారు. రాబడి పడిపోగా మళ్లీ పెంచుతారు.

మన కాలంలో ధనికుల పన్నులు తగ్గించవలెనని వాదించేవారు ఈ మహానుభావుణ్ణి తమ వకీలుగా నిలబెట్టుకొన్నారు. వారు వదిలివేసే సంగతి ఒకటి ఉన్నది. మధ్య ఆఫ్రికాలోని కాంగో దేశంలో కనంగా అనే నగరం ఉన్నది. అక్కడ 2018లో బెర్జరాన్, టూరెక్, వైగెల్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రభుత్వంతో కలిసి, 38 వేల మందికి పైగా ఇంటి యజమానులకు చీటీ ఎత్తినట్లు వేర్వేరు రేట్లు నిర్ణయించి ఇంటి పన్ను వసూలు చేయించి చూసినారు. కొందరికి పూర్తి పన్ను, కొందరికి సగం, మరికొందరికి ఈ రెంటికీ మధ్య. తేలినదేమనగా, అమలులో ఉన్న రేటును సుమారు మూడవ వంతు తగ్గిస్తేనే ఖజానాకు అత్యధికంగా సొమ్ము చేరుతుంది. ఇంతవరకు ఇబ్న్ ఖల్దూన్ మాటే నెగ్గినది. కాని కట్టనివారి మీద చర్య ఉంటుందని లేఖలు అందినచోట, సమర్థులైన వసూలుదారులు వెళ్లినచోట, జనం భరించి కట్టగల రేటు కూడా పెరిగినది. అనగా రేటుకు ఒక హద్దు ఉన్న మాట నిజమే గాని ఆ హద్దు రాతిమీద చెక్కినది కాదు. ప్రభుత్వం చేతగానిదైతే అది కిందికి దిగుతుంది. చేవ గలదైతే పైకి జరుగుతుంది.

మరి ఆ చేవ ఎక్కడి నుండి వస్తుంది? లెక్క నుండి వస్తుందని పరిశోధకులు చెబుతున్నారు. డెన్మార్కులో హెన్రిక్ క్లెవెన్, ఆయన సహచరులు పన్ను లెక్కలను తనిఖీ చేయించి 2011లో ప్రకటించిన ఫలితం చూడండి. యజమాని గాని, బ్యాంకు గాని, వేరొకరు ఎవరైనా ప్రభుత్వానికి తెలియజేసే ఆదాయంలో ఎగవేత దాదాపు సున్నా. ఎవరికివారు చెప్పుకొనవలసిన ఆదాయంలో మాత్రం ఆ నీతిమంతుల దేశంలో కూడా ఎగవేత ధారాళం. డేనిష్ ప్రజలు మనకన్న ధర్మాత్ములేమీ కారు; అక్కడ మూడవ మనిషి సాక్ష్యం ఎక్కువ, అంతే. మా వంటి జీతగాళ్ల పరిస్థితి కూడా అదే. మా జీతం మా చేతికి రాకముందే టి.డి.ఎస్. పేరిట కోత పడుతుంది. మా నిజాయితీని పరీక్షించే అవకాశం మాకు ఎవరూ ఇవ్వలేదు.

వ్యాపారుల విషయంలో ఈ మూడవ మనిషి పాత్రను రసీదు పోషిస్తుంది. మనకు 2005 ఏప్రిల్ 1 నుండి వ్యాట్ రూపంలోను, 2017 జూలై 1 నుండి జి.ఎస్.టి. రూపంలోను పరిచయమైన పద్ధతిలో, కొన్న వ్యాపారి తాను కట్టిన పన్నును తన లెక్కలో తగ్గించుకోవలెనంటే అమ్మిన వ్యాపారి రసీదు చూపించవలెను. కాబట్టి ఒకరి స్వార్థమే మరొకరి మీద కాపలా. చిలీ దేశంలో డీనా పొమెరాంజ్ నాలుగు లక్షలకు పైగా వ్యాపార సంస్థలపై జరిపిన పరిశోధనలో ఇది నిజమేనని తేలినది. మీ లెక్కలు తనిఖీ చేస్తామని లేఖలు పంపినప్పుడు, కాగితం ఆధారం ముందే ఉన్న అమ్మకాల్లో పెద్ద మార్పు రాలేదు, అవి ముందే సరిగా ఉన్నవి గనుక. ఆధారం లేని అమ్మకాల్లోనే అదురు పుట్టినది. గొలుసు చివరి లంకె వద్ద తెగుతుంది. ఎందుకనగా సబ్బు కొన్న గృహిణికి రసీదుతో పని లేదు. బ్రెజిల్‌లోని సావో పాలో రాష్ట్రం 2007లో ఈ లంకెను కూడా బిగించడానికి పూనుకొన్నది. రసీదు అడిగి తీసుకొన్న కొనుగోలుదారుకు కొంత సొమ్ము తిరిగి ఇచ్చి, లాటరీలో పాల్గొనే వీలు కల్పించినది. నాలుగేండ్లలో దుకాణదారులు చూపిన అమ్మకాలు కనీసం 21 శాతం పెరిగినవని జోనా నారిటోమి లెక్క తేల్చినారు. మా వెనుక బెంచీ విద్యార్థి ప్రశ్నకు ప్రపంచంలో ఎవరైనా సమాధానం చెప్పడానికి ప్రయత్నించినారంటే అది వీరే.

ఇక మన దేశం సంగతి. తామస్ పికెటీ, నాన్సీ కియాన్ 2009లో ప్రచురించిన ఒక వ్యాసంలో భారత, చైనా దేశాల ఆదాయపు పన్నును పోల్చినారు. 1986లో చైనాలో ఆదాయపు పన్ను కట్టేవారు వెయ్యికి ఒక్కరు కూడా లేరు. 2008 నాటికి జనాభాలో సుమారు 20 శాతం దాని పరిధిలోకి వచ్చినారు. మన దేశంలో అది 2, 3 శాతం వద్దనే నిలిచిపోయినది. కారణం అతి సామాన్యం. అక్కడ ఆదాయాలు పెరిగినప్పుడు మినహాయింపు పరిమితి దాదాపు కదలలేదు. ఇక్కడ ఆదాయాలతో పాటు దానినీ పెంచుతూ వచ్చినారు. 2025 బడ్జెటులో కొత్త విధానం కింద 12 లక్షల రూపాయల వార్షికాదాయం వరకు పన్ను లేకుండా చేసినారు. మా జీతం ఆ పరిధిలోనిదే. సంతోషించినాము, దాచుకోవడమెందుకు? కాని అర్థశాస్త్రం బోధించేవారిగా ఆ సంతోషానికి సిగ్గుపడినాము కూడా. మా పన్ను పోయినది గాని, 300 రూపాయల రీచార్జిలో మా విద్యార్థి కట్టిన 46 రూపాయలు పోలేదు. 2025 సెప్టెంబరులో సబ్బుల వంటి అనేక నిత్యావసరాల మీద జి.ఎస్.టి. తగ్గించిన మాట వాస్తవమే, మంచిదే. అయినను, నెలకు లక్ష తెచ్చుకొనేవాణ్ణి ఆదాయపు పన్ను లెక్క నుండి తప్పించి, నెలకు పది వేలు తెచ్చుకొనేవాని ఫోను మీద పన్ను ఉంచడంలోని న్యాయం మాకు అర్థం కాదు. కొద్దిపాటి పన్నైనా నేరుగా కట్టేవానికి కట్టినట్లు తెలుస్తుంది, తెలిసినవాడు అడుగుతాడు.

వసూలుదారు ఎవరి మనిషి అన్న ప్రశ్న మిగిలి ఉన్నది. దీనికి మన హైదరాబాదు చరిత్రలోనే పెద్ద పాఠం ఉన్నది. 1853లో మీర్ తురాబ్ అలీ ఖాన్, అనగా మొదటి సాలార్‌జంగ్, ఇరవై నాలుగేండ్ల వయస్సులో దివాన్ పదవి చేపట్టేనాటికి నిజాం ఖజానా ఖాళీ. కంటింజెంట్ సైన్యం బాకీల కింద ఆ సంవత్సరమే బేరారును ఇంగ్లీషువారికి అప్పగించవలసి వచ్చినది. భూమిశిస్తు వసూలును గుత్తకు తీసుకొన్న తాలూకాదారులు, అప్పులిచ్చిన సాహుకార్లు, అరబ్బు జమాదార్లు జిల్లాలను పంచుకొని తినుచున్నారు. గుత్తదారు సర్కారుకు ఒక మొత్తం కట్టి, రైతు వద్ద చేతనైనంత గుంజుకొనేవాడు. సాలార్‌జంగ్ క్రమంగా ఆ గుత్తలను తొలగించి, 1865లో జిలాబందీ పేరిట జిల్లాలను ఏర్పరచి, జీతాలు తీసుకొనే అధికారులను నియమించినారు. రైతు మీద రేటు పెంచి కాదు, మధ్యవాణ్ణి తొలగించి ఆయన ఖజానాను నిలబెట్టినారు. దానికి తోడు జాగీర్లు, సంస్థానాలు ఆయన చేతికి అందకుండా ఉండిపోయినవి. అక్కడి రైతుల గోడు తరువాతి శతాబ్దంలో ఏ రూపం దాల్చినదో తెలంగాణ పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు.

జీతం తీసుకొనే ఉద్యోగి గుత్తదారుకన్న మేలే. కాని అతనికీ జేబు ఉన్నది. మా బంధువు ఒకరు ఒక పట్టణంలో పై అంతస్తు వేసుకొన్నప్పుడు ఇంటి పన్ను లెక్క కట్టడానికి వచ్చిన వ్యక్తి టేపుతో కొలిచి, కాగితం మీద ఒక పెద్ద సంఖ్య రాసి చూపించి, తరువాత కలం మూతపెట్టి టీ తాగుతూ కూర్చున్నాడట. ఆ కలం మూతకు అర్థం ఇంటివారికి వెంటనే తెలిసినది. పాకిస్తాన్‌లోని పంజాబు రాష్ట్రంలో అద్నాన్ ఖాన్, అసిమ్ ఖ్వాజా, బెంజమిన్ ఓల్కెన్ చేసి 2016లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా ఈ కలం మూతను గురించినదే. ఆస్తి పన్ను సిబ్బందికి వసూలును బట్టి అదనపు ప్రతిఫలం ఇచ్చి చూడగా, రెండేండ్లలో అటువంటి చోట్ల రాబడి వృద్ధి మిగతా చోట్లకన్న 46 శాతం అధికమైనది. ఇది గొప్ప ఫలితమే. అయితే ఆ రాబడి కొద్దిపాటి ఇండ్ల నుండే వచ్చినది. వాటి అసలు విలువ మొదటిసారి లెక్కలోకి ఎక్కినది. మిగిలిన ఎక్కువ మంది యజమానులు పన్ను ఏమీ ఎక్కువ కట్టలేదు. లంచం మాత్రం మునుపటికన్న ఎక్కువ ఇచ్చినామని చెప్పినారు. ఉద్యోగికి వసూలు మీద వాటా ఉన్నది గనుక ఊరుకోవడానికి అతడు అడిగే ధర పెరిగినది. పాత గుత్తదారు కొత్త వేషంలో తొంగి చూసినాడని మా వ్యాఖ్య.

మరొక మార్గం కూడా పరీక్షించినారు. అదే కనంగాలో ప్రభుత్వోద్యోగులకు బదులు వాడల పెద్దలచేత ఇంటి పన్ను వసూలు చేయించగా 44 శాతం ఎక్కువ రాబడి వచ్చినది. ఎవరు కట్టగలరో, ఎవరు కట్టలేరో పెద్దలకు తెలుసును గనుక. ఇది చదివినప్పుడు మాకు మన పటేల్ పట్వారీలు, కరణం మునసబులు జ్ఞాపకం వచ్చినారు. ఏ సర్వే నెంబరులో ఏమున్నదో వారికన్న తెలిసినవారు లేరు. ఆ తెలివిని ఊరి మీద స్వారీ చేయడానికి వాడుకొన్నవారూ లేకపోలేదు. 1984లో ఆ వంశపారంపర్య పదవులను రద్దు చేసినప్పుడు ఊళ్లు ఊపిరి పీల్చుకొన్నవి. కాబట్టి కనంగా వారి ఉత్సాహంతో మేము పూర్తిగా ఏకీభవించలేము. తెలిసినవాడు వసూలు చేస్తే రాబడి పెరుగవచ్చును. ఆ తెలివి ఎవరి చేతిలో ఆయుధమవుతుందో రెండు మూడేండ్ల పరిశోధన చెప్పలేదు.

నేరుగా వసూలు చేయడం ఇంత కష్టం గనుకనే ప్రభుత్వాలు సులువైన దారి వెదుకుతవి. ఆ దారికి మన వైపు ఆబ్కారీ అని పేరు. సారా తాగేవాడు మినహాయింపులు అడగడు, అప్పీలు వేయడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణాన్ని మూయించినప్పుడు మొదలైన ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించగా, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషిద్ధమైనది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చినది. 1997లో తరువాతి ప్రభుత్వం దానిని సడలించినది; చెప్పిన కారణాల్లో ఖజానా నష్టం ముఖ్యమైనది. నిషేధం అమలులోని లోపాలు, దొంగసారా సంగతి మేము ఎరుగనివి కావు. కాని వేలాది స్త్రీలు రోడ్డు మీదికి వచ్చి సాధించుకొన్నది రెండున్నరేండ్లలో జమాఖర్చుల పుస్తకం ముందు ఓడిపోవడం వెనుక, ఇతరత్రా పన్ను వసూలు చేయలేని ప్రభుత్వపు నిస్సహాయత ఉన్నది. జి.ఎస్.టి. వచ్చిన తరువాత ఈ ముడి మరింత బిగిసినది. తాగే మద్యం, పెట్రోలు, డీజిలు ఆ పన్ను వెలుపల ఉన్నవి. రాష్ట్రాలు తమంతట తామే రేటు మార్చుకొనగల పెద్ద వనరులు ఇవే గదా. బిడ్డల బడి జీతాలు తండ్రుల సీసాల మీద ఆధారపడి ఉండడం ఏ ఆర్థిక సూత్రం ప్రకారం అభివృద్ధియో మాకు తెలియదు.

పన్ను పెరిగితే దేశం పెరుగుతుందా అని విద్యార్థులు అడుగుతుంటారు. అంతర్జాతీయ ద్రవ్యనిధికి చెందిన గాస్పర్, హరామియో, వింగెండర్ 2016లో ఒక అంచనా ప్రకటించినారు. దేశోత్పత్తిలో పన్నుల వాటా సుమారు 12.75 శాతం దాటిన దేశంలో పదేండ్ల తరువాత తలసరి ఉత్పత్తి, దాటని దేశంకన్న 7.5 శాతం ఎక్కువగా ఉంటుందని ఆ అంచనా. కేంద్ర, రాష్ట్ర పన్నులు కలిపి చూస్తే మనం ఆ గీత దాటి చాలాకాలమైనది. సంపన్న దేశాల సగటు 34 శాతం మాత్రం దూరంగానే ఉన్నది. ఇటువంటి సంఖ్యలను మేము ఉప్పులా వాడుతాము, అన్నంలా కాదు. పన్ను వల్ల అభివృద్ధి వచ్చినదా, అభివృద్ధి వల్ల పన్ను వచ్చినదా అన్నది విడదీయడం మహాకష్టం. మాకు ఎక్కువ నమ్మకం కలిగించినది వైగెల్ కనంగాలోనే గమనించిన మరొక సంగతి. మొదటిసారి ఇంటింటికీ తిరిగి పన్ను వసూలు చేసిన వాడల్లోని జనం, వసూలు చేయని వాడల జనంకన్న ఎక్కువగా ప్రభుత్వ సభలకు వెళ్లినారు, ప్రభుత్వ పనితీరు మీద అభిప్రాయాలు రాసి ఇచ్చినారు. పన్ను అడిగినందుకు వారు ప్రభుత్వాన్ని లెక్క అడిగినారు. ఇదే సంగతికి ఉగ్రరూపం 2024 జూన్‌లో కెన్యాలో కనిపించినది. కొత్త పన్నుల బిల్లుకు వ్యతిరేకంగా యువకులు నైరోబీలో పార్లమెంటులోకి చొరబడగా, కాల్పుల్లో ప్రాణాలు పోయిన తరువాత అధ్యక్షుడు ఆ బిల్లును ఉపసంహరించుకొన్నాడు.

వెనుక బెంచీ విద్యార్థి సంగతి చెప్పి ముగిస్తాము. అతని తండ్రి ఇనుప బీరువాలు చేస్తారు. ఇద్దరు పనివాళ్లున్న చిన్న దుకాణం, అమ్మకాలు జి.ఎస్.టి. పరిమితి లోపే గనుక రిజిస్ట్రేషను లేదు. ఈ మధ్య కార్యాలయాలకు సామాను సరఫరా చేసే ఒక పెద్ద వ్యాపారి వచ్చి, బిల్లు ఇస్తేనే కొంటానన్నాడట. బిల్లు లేకపోతే ఆ వ్యాపారికి పన్ను తగ్గింపు రాదు. "మా అబ్బా దుకాణాన్ని రిజిస్టరు చేయించమంటారా, వద్దంటారా సార్?" అని అతడు స్టాఫ్ రూముకు వచ్చి అడిగినాడు. పరిశోధనా వ్యాసాలు ఎన్ని చదివినా ఈ ప్రశ్నకు వాటిలో సమాధానం దొరకలేదు. ఒక కాగితం తీసుకొని మధ్యలో గీత గీసి, ఒకవైపు జమ, ఒకవైపు ఖర్చు అని రాసినాము. జమ వైపు పెద్ద వ్యాపారి ఆర్డరు, ఇనుము కొన్నప్పుడు కట్టిన పన్నులో తగ్గింపు, రేపు బ్యాంకు అప్పు అడిగితే చూపించడానికి లెక్కలు. ఖర్చు వైపు అకౌంటెంటు జీతం, గడువు తప్పితే జరిమానా, చిల్లరగా కొనే పేటవారికి ధర పెరగడం. "అధికారులు ఎవరైనా వస్తే?" అని అతడు అడిగినాడు. దానిని ఏ వైపు రాయవలెనో మాకు తోచలేదు. గీత మీదనే రాసినాము. అతడు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకొని, "అబ్బాకు చూపించి చెబుతాను సార్" అని వెళ్లినాడు.